ముప్ఫై ఒక్క పుస్తకాలూ, ఒక్క పుస్తకమూ

కనుమ నాడు కాకైనా కదలదంటారు. హైదరాబాదు బండెక్కాల్సిన మేనకోడలూ కదల్లేదు. తెనాలిలో మేనమామ ఇంటి వసారాలో, అరిసెల డబ్బా పక్కన పెట్టుకుని, ఒళ్లో నోట్‌బుక్కు తెరుచుకుని కూర్చుంది. ఆమె ఓ మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేరి, టికెట్లు కొట్టీ కొట్టీ రిటైరైన మనిషి. ఇద్దరికీ పుస్తకాల పిచ్చి. పిచ్చి ఒకటే గానీ, ముదిరిన తీరు వేరు.

నోట్‌బుక్కులో పోయిన ఉగాది నుంచి ఆమె చదివిన పుస్తకాల పట్టిక ఉంది. వరస నెంబరు, పేరు, రాసినవాళ్లు, ముగించిన తేదీ. మొత్తం 31. నవలలున్నాయి, యాత్రాచరిత్ర ఉంది, ఖగోళం ఉంది, డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు, ఆఖరికి వంటల పుస్తకం కూడా ఉంది.

"నువ్వేం చదివావు మావయ్యా ఈ ఏడాది?"

"ఒకటే. ‘కాలాతీత వ్యక్తులు’. అదీ ఆరోసారి."

"కొత్తది ఒక్కటీ లేదా?"

ఆయన జవాబు చెప్పకుండా నోట్‌బుక్కు అందుకుని, కౌంటరు మూసేముందు లెక్క సరిచూసుకున్నట్టు వేలితో పైనుంచి కింది దాకా దిగారు. "జూన్ 4న ఏనుగుల వీరాస్వామయ్య. 11న కొమ్మూరి సాంబశివరావు. 19న మాలతీచందూర్ వంటలు. ఏమే, ఇది చదువా, ప్యాసింజరు బండా? ప్రతి స్టేషన్లోనూ ఆగడం, ఎక్కడా దిగకపోవడం!"

"అన్ని ఊళ్లూ కనపడేది ప్యాసింజరు బండిలోనేగా?"

"కనపడతాయి. బోర్డులు కనపడతాయి. ఊరు కనపడాలంటే దిగాలి."

మాట అక్కడ మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. 

మావయ్యది మొండివాదం అనుకోవడానికి లేదు. ఆయన లోపలికి వెళ్లి తన ‘కాలాతీత వ్యక్తులు’ తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల అది. గోరాశాస్త్రి నడిపిన ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చి, 1958లో పుస్తకమైంది. 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి అదే ఆధారం. సినిమా వచ్చేనాటికే రచయిత్రి లేదు. 1961లో, ముప్ఫై దాటిన కొద్దికే పోయింది.

పుస్తకం అంచుల్లో మూడు రకాల రాత ఉంది. ఆకుపచ్చ సిరా, నీలం బాల్‌పెన్, చివర పెన్సిలు. కథలో విశాఖపట్నంలో మేడమీద గదిలో అద్దెకు దిగిన మెడికల్ స్టూడెంటు ప్రకాశం ఉంటాడు. కింద ఉండేది, ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర. ఇందిర మొదటిసారి గట్టిగా మాట్లాడే చోట ఆకుపచ్చ సిరాతో "తెగించిన పిల్ల" అని ఉంది. దాన్ని నీలం గీత కొట్టేసింది. పక్కన నీలంతోనే "జీతం ఈమెది" అని రెండే మాటలు. ఇంకొంచెం ముందుకు వెళ్తే, ప్రకాశం ఏమీ తేల్చుకోలేక నసిగే చోట పెన్సిలుతో "నేనూ ఇంతే" అని సన్నగా, ఎవరికీ కనపడకూడదన్నంత చిన్నగా ఉంది.

ఆమె ఆ మాట పైకి చదవబోతే ఆయన పుస్తకం లాక్కున్నారు.

"ఇరవై ఏళ్లప్పుడు ఆ పిల్లంటే ఒళ్లు మండేది. ఇంటికి నేనొక్కడినే జీతం తెచ్చే రోజులొచ్చాక గానీ ఆమె మాటల్లో అంత కారం ఎందుకుందో తెలియలేదు. ఒక్కసారి చదివి తేదీ వేసి పక్కన పెట్టి ఉంటే, నాకు ఇందిర తెగించిన పిల్లగానే మిగిలిపోయేది. నీ 31లో ఎంతమందికి అట్లా అన్యాయం చేశావో చూసుకో."

ఇది గట్టి దెబ్బే. ఆమె కాసేపు అరిసె నములుతూ ఊరుకుంది. తర్వాత వేరే దారిన వచ్చింది.

"సరే. నేను వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ చదివాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీలు, బోయీలు, వెంట పెద్ద బలగం. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు మీదుగా కాశీ. వచ్చేటప్పుడు కలకత్తా చూసుకుని, పూరీ, విశాఖ, రాజమండ్రి, మచిలీపట్నం మీదుగా తీరం వెంబడి. ప్రతి మజిలీలోనూ ఏం రాస్తాడు? గుడి ఎట్లా ఉందని మాత్రమే కాదు. ఊళ్లో అంగళ్లున్నాయా, నీళ్లు మంచివేనా, దిగడానికి చోటుందా, దారి రాయా ఇసకా. అది చదివిన పదిహేను రోజులకి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అందుకున్నాను."

"దానికి 1955లో సాహిత్య అకాడమీ ఇచ్చారు. తెలుగులో మొట్టమొదటిది. అప్పటికే ఆయన పోయి రెండేళ్లు," అన్నారు మావయ్య, ఆ పుస్తకం తనకీ తెలుసన్నట్టు.

"ఆయనేం చేశాడు? రాజుల వంశావళులు పక్కన పెట్టి, కావ్యాలు దులిపి జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో ఏరాడు. ‘క్రీడాభిరామం’లో మంచనశర్మా టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధుల్లో తిరుగుతుంటే, పూటకూళ్లింట్లో ఒక రూకకి ఎంత మంచి భోజనం దొరికేదో మనకి తెలుస్తుంది. అక్కడ నాకు వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. ఒకాయన దారి మీద నడిచి రాసుకున్నాడు, ఇంకొకాయన పద్యాల మీద నడిచి రాసుకున్నాడు. ఒకటి చదివాక ఇంకోటి చదివితేనే తేడా తెలిసింది. కవి భోజనం రుచి చెప్తాడు గానీ, ఆ ఊళ్లో తాగే నీళ్లు ఉప్పగా ఉంటాయని చెప్పడు. వీరాస్వామయ్య అది చెప్తాడు. ఈ రెంటిలో దేన్నైనా ఆరుసార్లు చదివినా నాకు ఈ సంగతి తట్టేది కాదు."

మావయ్య తల ఊపారు. ఒప్పుకున్నారనుకుంటే పొరపాటే.

"బాగానే ఉంది. మరి ప్రతాపరెడ్డిగారికి కావ్యంలో పూటకూళ్లిల్లు ఎట్లా దొరికింది? కావ్యాలు ఆయనకి కంఠతా ఉండబట్టి. తెలంగాణాలో కవులు లేరని ఎవరో అంటే, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి 354 మంది పేర్లు ముందు పెట్టిన మనిషి ఆయన. అది పదిరకాలు రుచి చూస్తే వచ్చే పని కాదే అమ్మాయ్. ఒక్కదాన్ని పట్టుకుని పీకితే వచ్చే పని."

"అదే మనిషి లా చదివాడు, గోలకొండ పత్రిక నడిపాడు, కథలు రాశాడు. అన్నీ చదివాడు కాబట్టే పద్యంలో కూర వాసన పసిగట్టాడు."

"అన్నీ చదివాడు, అన్నీ అరిగించుకున్నాడు. నీ నోట్‌బుక్కులో తేదీలున్నాయి. ఒక్కచోట, ఒక్క వాక్యం, ఇది నాకు ఇట్లా అనిపించిందని ఉందా?"

లేదు. ఆమె పేజీలు తిప్పింది. నిజంగానే లేదు. తేదీలే ఉన్నాయి.

ఈ మాట ఆమెను కొంచెం నొప్పించింది గానీ, నిజానికి ఇది ఆమె ఒక్కత్తె సంగతి కాదు. ఈమధ్య చాలామంది చదువు ఇట్లాగే లెక్కల్లోకి దిగింది. ఏడాది మొదట్లో ఇన్ని పుస్తకాలని ఒట్టు పెట్టుకోవడం, డిసెంబరు వచ్చేసరికి అంకె చేరలేదని పల్చటి పుస్తకాలు వెతుక్కోవడం. విజయవాడ పుస్తకాల పండగలో సంచీ నిండా కొన్నవాళ్లు, మళ్లీ జనవరి వచ్చేదాకా ఆ సంచీ విప్పరు. మావయ్య ఎగతాళిలో అంతో ఇంతో న్యాయముంది. అయితే ఆయన దగ్గర కూడా లెక్క తేలని పద్దులు కొన్ని ఉన్నాయి.

మొదటి పద్దు నండూరి రామమోహనరావు.

ఆమె పట్టికలో 9వ నెంబరు ‘విశ్వరూపం’. నక్షత్రాలు, గెలాక్సీలు, విశ్వం పుట్టుక. "నండూరి సైన్సు మాస్టారు కాదు కదా మావయ్యా. పత్రికా సంపాదకుడు. అంతకుముందు మార్క్ ట్వేన్‌ని తెలుగులోకి తెచ్చాడు. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, ‘రాజూ పేద’. స్టీవెన్సన్‌ది ‘కాంచన ద్వీపం’. అదే చేత్తో మనిషి పుట్టుక గురించి ‘నరావతారం’, ఆకాశం గురించి ‘విశ్వరూపం’, తత్వశాస్త్రం గురించి ‘విశ్వదర్శనం’. నువ్వు చెప్పే లెక్కన ఆయన ఒక్కచోట దిగని ప్యాసింజరే. కానీ ‘విశ్వరూపం’ అంటే ఏమిటి? ఒక మనిషి తాను ఈమధ్య చదివినవన్నీ కూర్చోబెట్టి మనకి చెప్పడం. మన భాషలో అదొక పెద్ద ప్రక్రియ."

"చెప్పాడు. బాగా చెప్పాడు. నేనూ చదివాను. కానీ సైన్సు పుస్తకానికి గడువు తేదీ ఉంటుంది, మీ మందుల సీసా మీద ఉన్నట్టు. ఆ పుస్తకం వచ్చిన రోజుల్లో ప్లూటో గ్రహం. 2006లో కాదు పొమ్మన్నారు. ఇందిరని ఎవరైనా అట్లా తీసేయగలరా?"

ఆమె నవ్వింది. "వీరాస్వామయ్య దిగిన సత్రాలు ఇప్పుడున్నాయా? ఆ ధరలున్నాయా? గడువు తీరిందని ఎవరైనా పారేశారా? ప్లూటోని తీసేసినా, అది గ్రహం కాదని తెలుసుకోబోయే ముందు మనిషి ఆకాశాన్ని ఎట్లా అనుకున్నాడో ఆ పుస్తకంలో ఉంటుందిగా. నువ్వు ‘తెగించిన పిల్ల’ అని రాసి కొట్టేసినట్టే అదీను. కొట్టేసిన మాట కూడా చదువుకోవచ్చు."

ఈ దెబ్బకి మావయ్య దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. డబ్బాలోంచి అరిసె తీసుకున్నారు. షుగరు ఉన్న మనిషి. లోపలినుంచి అత్తయ్య దగ్గు వినపడగానే మళ్లీ లోపల పెట్టేశారు.

రెండో పద్దు డిటెక్టివ్‌లది. మద్రాసులో మకాం పెట్టి, అసిస్టెంట్ రాజుని వెంటేసుకుని హంతకుల్ని పట్టే యుగంధర్‌ని, ఆయన్ని పుట్టించిన కొమ్మూరినీ మావయ్య ఒక్క చేయి విసురుతో తోసేశారు. అంతకుముందు తరంలో కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాశాడనీ, రైళ్లలో వేరుశనక్కాయలతో పాటు అమ్మేవారనీ, తమ నాన్నగారు అవి చదివే చదువంటే మక్కువ పెంచుకున్నారనీ ఒప్పుకుంటూనే, "కాలక్షేపం వేరు, చదువు వేరు" అన్నారు.

"అత్తయ్యా! మావయ్య నైట్ డ్యూటీలో ఏం చదివేవాడు?"

వంటింట్లోంచి జవాబు తడుముకోకుండా వచ్చింది. అట్ట టికెట్ల బీరువా కింద సొరుగులో, తేదీ కొట్టే మిషను పక్కన, యుగంధర్ పుస్తకాలు ఉండేవట. వారానికి రెండు, అద్దె పుస్తకాల షాపు నుంచి. ఓసారి మెయిలు వెళ్లిపోయాక కూడా కౌంటరు తెరవకపోతే ఎవరో తలుపు బాదారట.

"అది వేరు," అన్నారాయన. "ఒకసారి హంతకుడెవరో తెలిశాక ఆ పుస్తకంలో ఏముంటుంది?"

"అప్పుడే కదా ఉండేది! రెండోసారి చదివితే రచయిత ఆధారాలు ఎక్కడెక్కడ దాచాడో కనపడుతుంది. మళ్లీ చదవాల్సిన పుస్తకం ఏదైనా ఉంటే అది డిటెక్టివ్ నవలే. నీ సిద్ధాంతమే."

ఈసారి అత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చింది, నవ్వుకుంటూ. చేతిలో ‘వంటలు-పిండివంటలు’. మాలతీచందూర్ పుస్తకమే. అట్ట ఊడిపోయింది, వెన్ను మీద ప్లాస్టర్ అంటించి ఉంది. నవలలు రాసి, ‘హృదయనేత్రి’కి 1992లో అకాడమీ బహుమతి అందుకున్న ఆవిడే, ఉద్యోగాల కోసం, కాపురాల కోసం పుట్టిల్లు వదిలి వచ్చిన ఆడపిల్లలకి ఈ పుస్తకంతో అమ్మ పక్కన లేని లోటు తీర్చింది. అత్తయ్య కాపీలో మధ్యలో ఓ ఇరవై పేజీలు పసుపు రంగు తిరిగి ఉన్నాయి. ఒక చోట నూనె బొట్టు పడి, వెనకా ముందూ నాలుగు కాగితాల దాకా ఇంకిపోయింది. మిగతా పేజీలు మాత్రం కొన్ననాటి తెలుపు.

"ఏ పేజీ ఎన్నిసార్లు చదివానో ఇక్కడే ఉంది. మీ మావయ్యకి మూడు రంగుల సిరాలు కావాలి, నాకు పసుపు చాలు," అంది అత్తయ్య. పుస్తకం మడిచి లోపలికి తీసుకెళ్లిపోయింది. ఆవిడకి ఈ సంవాదంలో మొదటినుంచీ పెద్ద ఆసక్తి లేదు.

మాలతీచందూర్ పేరు వచ్చేసరికి మావయ్యకి అసలు కోపం గుర్తొచ్చింది. అది వంటల మీద కాదు, ‘పాత కెరటాలు’ మీద. ‘స్వాతి’లో ఆవిడ ఇంగ్లీషు నవలల కథల్ని కొద్ది పేజీల్లో తెలుగువాళ్లకి చెప్పుకొచ్చిన శీర్షిక.

"పెద్ద నవలని పది పేజీల్లో చెప్తే అది నవల కాదు. మామిడిపండు తినకుండా, తిన్నవాళ్లు చెప్తే విన్నట్టు. మా రోజుల్లో సగంమంది ఆ పది పేజీలు చదివేసి, అసలు పుస్తకం చదివేశామనుకున్నారు. ఎవరన్నా చదివింది చెప్పాలంటే పుస్తకం చేతికివ్వాలి. కథ చెప్పకూడదు."

"పుస్తకం దొరికితేగా చేతికివ్వడానికి! అప్పట్లో తెనాలిలో, చీరాలలో, ఖమ్మంలో ఉన్న ఇల్లాలికి ఇంగ్లీషు నవల ఎవరు తెచ్చిస్తారు? ఇంగ్లీషు రానివాళ్ల సంగతి? అలెక్స్ హేలీ ‘రూట్స్’ని సహవాసి కుదించి ‘ఏడు తరాలు’గా తేకపోతే, కుంటా కింటే పేరు మన పల్లెల్లో వినపడేదా? ఆ పుస్తకం చదివి ఏడ్చినవాళ్లని అది కుదింపు, మీ ఏడుపు చెల్లదు అంటావా?"

"ఏడుపు చెల్లుతుందే. ‘ఏడు తరాలు’ జోలికి నేను పోను. అది పుస్తకానికి పుస్తకం. నేననేది చిట్టి కథల సంగతి." కాస్త ఆగి, గొంతు తగ్గించారు. "నిజం చెప్పాలంటే నేనూ ఆ పేజీలు చదివే రెండు మూడు పుస్తకాల కోసం లైబ్రరీల చుట్టూ తిరిగాను. రైల్వే పాసు ఉందిగా, వేటపాలెం దాకా వెళ్లాను. సారస్వత నికేతనం. 1918 నాటిది. అడిగిన నవల లేదు గానీ, పాత పత్రికల కట్టలు చూపించారు. వాటి ముందు కూర్చుంటే సాయంత్రం బండి తప్పిపోయింది."

"అయితే ఆవిడ చిట్టి కథే నిన్ను వేటపాలెంలో దింపింది."

"దింపింది గానీ, నేను దిగాను గనక," అన్నారాయన.

వేటపాలెం పత్రికల మాట మీద ఆయనకి ఏదో గుర్తొచ్చింది. అటక మీద ట్రంకు పెట్టె దింపించారు. అందులో అరడజను బైండు పుస్తకాలున్నాయి. వారపత్రికల్లోంచి సీరియళ్లు చించి, వారం వారం దాచి, చివర బైండరుకిచ్చి కుట్టించినవి. గుడ్డ వెన్ను, మచ్చల కాగితం అట్ట. తెలుగునాట ఒకప్పుడు ఇలాంటి సొంత పుస్తకాలు లేని చదువరుల ఇల్లు అరుదు. అచ్చయిన నవల కొనడానికి డబ్బులు లేని రోజుల్లో అదొక్కటే మార్గం.

"ఇవి మీ అమ్మ చించి దాచినవి. పెళ్లి కాకముందు. నేను బైండింగు చేయించాను. చూడు, ఒక్క వారం తప్పిపోకుండా. ఇదీ చదువంటే. పత్రికలో వంద ఉంటాయి. రాశిఫలాలు, జోకులు, కుట్లూ అల్లికలూ. వాటన్నిట్లోంచి ఒక్క నవలని పట్టుకుని..."

ఆమె వినడం లేదు. పుస్తకాన్ని వెలుతురులోకి తిప్పి పట్టుకుని, నవల కాకుండా నవల వెనకవైపు చదువుతోంది. సీరియల్ పేజీ ముగిసిన చోట, కాగితం రెండో వైపు, ఇంకేదో శీర్షిక తాలూకు ముక్క. సగం ప్రశ్న ఉంది, జవాబు లేదు. ఇంకోచోట చంద్రుడి మీద మట్టి గురించి వ్యాసం తోక. మరోచోట ఉసిరికాయ పచ్చడి. దినుసుల పేర్లు వరసగా ఉన్నాయి గానీ, కొలతలున్న అంచు బైండరు కత్తికి పోయింది. దాని పక్కన పెన్సిలుతో ఒక టిక్కు.

ఆమె ఫోన్ తీసి నరసరావుపేటలో ఉన్న తల్లికి కలిపి, స్పీకరు పెట్టింది.

"అమ్మా, మావయ్య దగ్గర నీ బైండు పుస్తకం ఉంది. ఇందులో ఉసిరికాయ పచ్చడి దగ్గర టిక్కు పెట్టావెందుకు?"

"అది ఇంకా ఉందా! ఆ పేజీ దాచిందే దానికోసం. నవల కోసం చించింది మీ మావయ్యే. వాడు వాడి వైపు చదువుకునేవాడు, నేను నా వైపు. ఏదీ, ఫోటో తీసి పంపు. నిన్ననే రెండు కిలోల ఉసిరికాయలు కొన్నాను."

"కొలతలు కోసేశాడమ్మా బైండరు."

"వాడి మొహం. ఒరేయ్, నువ్వక్కడే ఉన్నావా? ఇన్నేళ్ల బట్టీ అడగాలనుకుంటున్నాను. ఆ నవల చివరికి ఏమైందిరా? పెళ్లయి ఇటొచ్చేశాను, ఆఖరి నాలుగు వారాలూ నేను చూళ్లేదు. ఆ పిల్ల ఊరొదిలి వెళ్లిందా, ఉండిపోయిందా?"

మావయ్య గొంతు సవరించుకున్నారు. పుస్తకం పోస్టులో పంపుతాననీ, చదువుకోమనీ అనబోయారు. కళ్లకి ఆపరేషనయిందనీ, చిన్నక్షరాలు కనపడటం లేదనీ, కథే చెప్పమనీ అక్క అంది. ఆయన వసారాలో అటూ ఇటూ నడుస్తూ మొదలుపెట్టారు. మొదట ఆ నాలుగు వారాలే చెప్పాలనుకున్నారు గానీ, ముందుది లేకపోతే అర్థం కాదని వెనక్కి వెళ్లారు. పాతిక నిమిషాలైనా ఇంకా కథలో పిల్ల స్టేషనుకే చేరలేదు. అంతలో అవతలినుంచి, కాస్త ఆగు, ముందు ఆ పేజీలో ఆవపిండి పేరుందో లేదో చూసి చెప్పు, అని వినపడింది.